ఆషాఢానికి పది లీటర్ల కంప్యూటర్

పెళ్ళయిన నలభై మూడో రోజు పొద్దున్న మా అత్తగారు మాణిక్యాంబ గారు పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి, "ఉమా, వచ్చే గురువారం ఆషాఢం వచ్చేస్తోందమ్మా. బుధవారం సాయంత్రానికల్లా నువ్వు నరసాపురంలో ఉండాలి," అన్నారు.

కొత్తగా పెళ్ళయిన ఏడాది ఆషాఢమాసంలో అత్తా కోడలూ ఒకే గడప తొక్కకూడదు. అల్లుడు తన అత్తగారి గడప అసలే తొక్కకూడదు. అందుకని కోడలు నెల రోజులు పుట్టింట్లో ఉంటుంది. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతి మన మీదికి వస్తే ఇంత అన్యాయంగా ఉంటుందని మాత్రం తెలియదు. మా అత్తవారిల్లు పాలకొల్లు. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య పది కిలోమీటర్లు. రైలెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించే లోపలే దిగిపోవాలి. ఆ కాస్త దూరాన్ని నెల రోజుల పాటు దాటకూడదంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆయన అనంతకృష్ణ అప్పుడే స్నానం చేసి, బనీను తిరగేసి వేసుకుని వచ్చారు. ఆ తిరగేసిన బనీను చూస్తే ఇంకా ఏడుపొచ్చింది.

"సాయంత్రాలు ఎలాగండీ?" అన్నాను.

ఆయనకి అర్థమైంది. సాయంత్రాలంటే మా ఆట.

మా ఇద్దరికీ ఒక కంప్యూటర్ ఆట ఉంది. అందులో ఒక నులక మంచం, దాని మీద నిద్రపోతున్న ఒక రాక్షసుడు. తలవైపు మంచం కోళ్ళు ఒకరు, కాళ్ళవైపు కోళ్ళు ఒకరు పట్టుకుని, అతను లేవకుండా పదకొండు కొండలు దాటించాలి. ఎందుకు దాటించాలో ఆట ఎక్కడా చెప్పదు. మేమూ అడగలేదు. అసలు కష్టమేమిటంటే, ఆ ఆట మన మైకు వింటూ ఉంటుంది. గట్టిగా మాట్లాడినా, తుమ్మినా, పక్కన ఫ్యాను రొద చేసినా రాక్షసుడు లేచి ఇద్దరినీ మింగేస్తాడు. లేవబోయే ముందు అతని మీసం కదులుతుంది. ముందు ఒక వెంట్రుక, తర్వాత రెండు. ఆ వెంట్రుకలను విడివిడిగా చూపించాలంటే కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. లేకపోతే మీసం మొత్తం ఒక్క చీపురుకట్టలా కనబడుతుంది, ప్రాణం ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

ఆయన దగ్గరున్న కంప్యూటర్ బీరువాలో సగం ఉంటుంది. దాని ముందు పక్కపక్కన కూర్చుని, గుసగుసలాడుకుంటూ, నాలుగో కొండ మొదటిదాకా వచ్చాం. పెళ్ళయ్యాక మేము కలిసి చేసిన మొదటి పని అదే.

"నీకు అక్కడో కంప్యూటర్ ఉంటే ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఆడుకోవచ్చు," అన్నారాయన. "విడిభాగాలు కొని నేనే కడతాను. పార్శిల్లో నరసాపురమే తెప్పిద్దాం."

వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు వచ్చింది. ఆవిడ గొంతు పెద్దది. మేడ మీద నుంచి పిలిస్తే వీధి చివర పాలబ్బాయి ఆగుతాడు.

"నా కోడలికి కావలసింది అంగడివాడు పంపిస్తాడా? నేను పంపించాలి. సారె బుట్టలో పట్టేదైతే బుట్టలో పెట్టి పంపుతాను. పట్టనిదైతే వద్దు."

"బుట్ట ఎందుకమ్మా? అట్టపెట్టెలో పెడితే ఆటోలో..."

"కొత్తకోడలు ఆషాఢానికి ఒక్క బుట్టతో వెళ్ళాలి. పెద్ద పెట్టె ఎత్తించుకుని ఆటో ఎక్కిందనుకో, ఎదురింటివాళ్ళు సాయంత్రానికల్లా మీకు విడాకులిప్పించేస్తారు."

బుట్ట దించారు. మూతున్న వెదురు బుట్ట. ఆయన స్కేలు పెట్టి కొలిచి, కాగితం మీద లెక్క కట్టి, బుట్టలో పద్దెనిమిది లీటర్ల చోటు ఉందని తేల్చారు. మినపసున్ని ఉండలకీ, అరటిపళ్ళకీ, చీరకీ, పలకంత మానిటర్‌కీ పోగా పది లీటర్లు మిగిలింది. మినపసున్ని కాస్త తగ్గించమని నేను అడిగాను. అత్తయ్యగారు నావైపు చూసిన చూపుకి ఆ మాట అక్కడే వెనక్కి తీసుకున్నాను.

కంప్యూటర్ భాగాలు బిగించే చిన్న కేబినెట్లను లీటర్లలో చెబుతారని నాకు ఆ రోజే తెలిసింది. అత్తయ్యగారికీ ఆ రోజే తెలిసింది.

"లీటర్లా? అయితే నేనూ వస్తున్నాను," అన్నారావిడ. ఆవిడ రోజూ పాలబ్బాయి పోసిన పాలు మళ్ళీ సొంత లీటరు పాత్రతో కొలుస్తారు. మర్నాడు రాజమండ్రి బస్సులో ఆ పాత్ర ఆవిడ సంచిలో ఉంది. ఆవిడ మా ఇద్దరి మధ్యా ఉన్నారు. అయినా ఆవిడ కునికినప్పుడల్లా ఆయనా నేనూ ఆవిడ తల మీదుగా చూసుకుని నవ్వుకున్నాం.

రాజమండ్రిలో ఆ షాపు మేడ మీద ఉంది. యజమాని చంద్రరావు గారు నున్నటి బట్టతలతో, మెడలో టేపుతో, టైలర్‌లా ఉన్నారు. ఆయన ప్రాసెసర్‌ని కుంకుమ భరిణెలా రెండు వేళ్ళతో పట్టుకుంటారు.

"చెప్పండి బాబూ, ఏం కావాలి?"

"పది లీటర్లు దాటకూడదండి," అన్నారు మా ఆయన. "మీసంలో ప్రతి వెంట్రుకా కనబడాలి. చప్పుడు రాకూడదు."

చంద్రరావు గారు ప్రాసెసర్‌ని కింద పెట్టారు. "ఆయ్. చిన్నదుందండి. గట్టిదుందండి. నెమ్మదైనదుందండి. ఈ మూట్లో ఏ రెండు కావాలన్నా ఇస్తాను. మూడూ ఒక్కదాంట్లో కావాలంటే కుదరదండి. చిన్న పెట్టెలో గట్టి సరుకు పెడితే వేడెక్కుద్ది, వేడెక్కితే ఫ్యాన్లు రొద చేస్తాయి."

"ఎందుకు కుదరదు?" అన్నారు అత్తయ్యగారు, నన్ను భుజం పట్టి ముందుకి తోసి. "మా కోడలు లేదూ? చిన్నగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, నెమ్మదిగా ఉంటుంది. మీరు సరిగ్గా వెతకలేదు, అంతే."

నాకు ఎక్కడ చూడాలో తెలియక ప్రాసెసర్ వైపు చూశాను. మా ఆయన నావైపు చూసి చెవుల దాకా నవ్వారు. చంద్రరావు గారు కూడా నన్ను ఒకసారి తేరిపార చూసి, లోపలి గదిలోకి వెళ్ళి, ఒక నల్లటి జల్లెడ కేబినెట్ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇడ్లీ కుక్కర్‌ని పక్కకి పడుకోబెట్టినంత ఉంది.

"పది లీటర్లండి. దీన్ని మించిన చిన్నది నా దగ్గర లేదు."

"పది లీటర్లే ఉందా?"

"పెట్టె మీద రాసుందండి."

"పాలడబ్బా మీద కూడా రాసే ఉంటుంది," అంటూ ఆవిడ లీటరు పాత్ర బయటికి తీశారు. గిన్నె కొన్నా బిందె కొన్నా ఆవిడ నీళ్ళు పోసి చూడనిదే కొట్టు దాటరు. ఇక్కడ నీళ్ళు కుదరవని చంద్రరావు గారు చేతులు జోడించి చెప్పారు. అయితే బియ్యం, అన్నారావిడ. మా ఆయన కిందికి దిగి కిరాణా కొట్లో బియ్యం తెచ్చారు. కేబినెట్‌కి నాలుగు వైపులా చిల్లులే కాబట్టి బియ్యం కారిపోకుండా లోపల న్యూస్ పేపర్లు పరిచాం. అప్పటికి షాపులో ఉన్న మిగతావాళ్ళు కూడా బేరాలు మానేసి చుట్టూ చేరారు.

"ఒకటి," అన్నారు అత్తయ్యగారు, పాత్ర ఒంపుతూ. "రెండు."

ఎనిమిదిన్నర దగ్గర బియ్యం పైకొచ్చేసింది.

మా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"లీటరున్నర ఏమైంది?" అన్నారావిడ.

"పైకొలతండి అది," అన్నారు చంద్రరావు గారు. "రేకు మందం, కాళ్ళు, బటను, అన్నీ కలిపి పది. అందరూ అలాగే చెబుతారండి."

"రేపు నేను ఇల్లు అమ్మితే గోడల్లో కూడా పడుకోవచ్చని చెప్పనా?"

ఎవరో వెనకాల చప్పట్లు కొట్టారు. చంద్రరావు గారి బట్టతల మీద చెమట పట్టింది. నాకు ఆయన మీద జాలేసింది. మా ఆయన మాత్రం ఆనందంగా ఆయన మెడలోని టేపు అడిగి పుచ్చుకుని లోపల కొలవడం మొదలుపెట్టారు. అత్తయ్యగారు పెట్టిన గొడవ వల్ల ఒక మేలు జరిగింది. మేం ముందు అనుకున్న మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు నాలుగు మిల్లీమీటర్లు పొడుగు. కొని ఇంటికి తీసుకెళ్ళాక గానీ తెలిసేది కాదు.

"కేబినెట్ ముందువైపు కొంచెం గీకితే కూర్చుంటుందండి," అన్నారు చంద్రరావు గారు.

"పెళ్ళికొడుకు పొడుగయితే ద్వారబంధం చెక్కుతామా?" అన్నారు అత్తయ్యగారు. "తల వంచుకునేవాణ్ణి చూడండి."

రెండు ఫ్యాన్లున్న పొట్టి కార్డు వచ్చింది. దానికి తగ్గ అరచేయంత మదర్‌బోర్డు. అన్నిటికీ కరెంటు అందించే, సబ్బుపెట్టెలాంటి చిన్న ఎస్సెమ్‌పీఎస్. ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ ఎత్తు పూరీ కంటే కాస్త ఎక్కువ. వీటిలో ఏ ఒక్కటి మారినా ఇంకొకటి పట్టదు. రకరకాల పెట్టెలు తెరిచి, ఇది వేస్తే అది పొడుగు, అది తీస్తే ఇది వేడి అంటూ మా ఆయన, చంద్రరావు గారు ఒక్క మాట మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆయన ప్రతి ముక్కనీ నా చేతికిచ్చి "బరువు చూడు" అనేవారు. నేను బరువు చూసి "బావుంది" అనేదాన్ని. బరువు వల్ల ఏం తెలుస్తుందో ఇద్దరికీ తెలియదు. కానీ ముక్క చేతులు మారినప్పుడల్లా వేళ్ళు తగిలేవి కాబట్టి, మళ్ళీ మళ్ళీ చూశాం.

చివరికి ఫ్యాన్లు మిగిలాయి. అక్కడ మళ్ళీ అత్తయ్యగారు రంగంలోకి దిగారు. షాపులో ఉన్న అయిదు రకాల ఫ్యాన్లూ వరసగా తిప్పించి, కొబ్బరికాయ చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది మా మరిది గురక. ఇది తడి బట్ట దులిపినట్టుంది. ఇది... ఏదీ, తిప్పండి?"

"తిరుగుతోందండి," అన్నారు చంద్రరావు గారు.

"అయితే ఇదే."

మంగళవారమంతా ఆయన హాల్లో చాప పరుచుకుని కంప్యూటర్ కట్టారు. నేను స్క్రూలు అందించాను. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరం రెండు గదుల్లో రెండు కంప్యూటర్ల ముందు కూర్చుని పరీక్షగా ఆట పెట్టాం. మీసం అద్భుతంగా కనబడింది. ఒక వెంట్రుక తెల్లబడిందని కూడా అప్పుడే చూశాను. ఆనందం పట్టలేక "ఏవండీ, తెల్లవెంట్రుక!" అని గుసగుసగా అనేలోపల నా కంప్యూటర్‌లో టిక్, టిక్, టిక్ అని చప్పుడు మొదలైంది. మీసం లేచింది. రాక్షసుడు లేచాడు. ఇద్దరినీ మింగేశాడు.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ టిక్, టిక్. మళ్ళీ మింగేశాడు. నాలుగున్నరకి నా రైలు. మూడింటికి ఆరోసారి మింగేశాక ఆయన స్క్రూ డ్రైవర్ కింద పెట్టి, నీరసంగా గోడకి ఆనుకున్నారు. ఈ టిక్కులతో నెల రోజులూ ఒక్క కొండ కూడా దాటలేమని ఇద్దరికీ అర్థమైంది.

"ఏంటర్రా ఆ మొహాలు?" అంటూ అత్తయ్యగారు వచ్చి, ఒక్క క్షణం విని, "బియ్యపు గింజ," అన్నారు.

"ఎలా తెలుసమ్మా?"

"ముప్ఫై ఏళ్ళుగా మిక్సీ తిప్పుతున్నాను."

షాపులో కొలిచినప్పుడు ఏ మూలో ఇరుక్కున్న ఒక్క గింజ, బస్సు కుదుపులకి కదిలి, కంప్యూటర్ కట్టాక గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లో పడింది. కార్డు విప్పే టైము లేదు. ఆవిడ స్విచ్చి తీయించి, గాజులకి తగిలించుకున్న పిన్నీసుల్లో ఒకటి విప్పి, జల్లెడ చిల్లులోంచి లోపలికి పోనిచ్చి, ముల్లు తీసినంత నైపుణ్యంగా ఆ గింజని పైకి లాగారు. అరచేతిలో పెట్టుకుని చూసి, "సోనా మసూరీ. ఆ కిరాణావాడు మనకి నూకలు అంటగట్టలేదు, నయం," అన్నారు.

నాలుగున్నర రైలుకి నేను ఒక్క బుట్టతో పుట్టింటికి బయల్దేరాను. ఎదురింటావిడ మూత ఎత్తి చూసింది. పైన మినపసున్ని ఉంది. తృప్తిగా మూసేసింది.

నరసాపురంలో మొదటి నాలుగు సాయంత్రాలూ పండగలా గడిచాయి. మా నాన్నగారు సూర్యనారాయణమూర్తి గారు పురోహితులు. ఆయన సంధ్యావందనానికి లేచేసరికి నేను మంచం కాళ్ళవైపు కోళ్ళు ఎత్తేదాన్ని, పది కిలోమీటర్ల అవతల మా ఆయన తలవైపు ఎత్తేవారు. "తిన్నావా?" అని గుసగుస. "తిన్నాను, మీరు?" అని గుసగుస. మేం మొత్తం గుసగుసల్లోనే కాపురం చేశాం. నాకు అదీ బాగుంది.

అయిదో రోజు మధ్యాహ్నం రెండింటికి ఫోను.

"ఉమా, అబ్బాయి పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్ళాడు. ఆ రాక్షసుణ్ణి మీరు సరిగ్గా పట్టుకోవడం లేదు. నేను వెనకాల నుంచుని చూస్తూనే ఉన్నాను. ఒకసారి నువ్వు ఎత్తు, నేను పట్టుకుంటాను."

మా అత్తగారు గుసగుసగా మాట్లాడగలరని నేను కలలో కూడా అనుకోలేదు. ఆవిడ కూడా అనుకోలేదట. మొదటి రోజు పదిహేడుసార్లు మింగించుకున్నారు. రెండో రోజు మూడుసార్లు. మూడో రోజు మేం నాలుగో కొండ దాటేశాం. అక్కడ ఒక రాతి ద్వారం వచ్చింది. ఆవిడ ఠక్కున ఆగిపోయారు.

"గడప."

"ఆటలోది కదండీ అత్తయ్యగారూ?"

"గడప గడపే. ఆషాఢంలో నువ్వూ నేనూ ఒకే గడప దాటకూడదు. మీ నాన్నగారిని అడుగు. నేను మంచం పట్టుకునే ఉంటాను, త్వరగా."

నాన్నగారు వచ్చి, తెర ముందు వంగి, ఆ ద్వారాన్ని చాలాసేపు చూశారు. "దానికి పసుపు రాశారా?" అన్నారు.

"లేదండీ."

"బొట్టు పెట్టారా?"

"లేదు."

"అయితే అది గడప కాదు, రాయి. దాటండి," అని చెప్పి విస్తళ్ళు కుట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

దాటాం. అక్కడి నుంచి అత్తయ్యగారిని ఆపేవాళ్ళు లేకపోయారు. సాయంత్రం ఆయన కాలేజీ నుంచి వచ్చేసరికి మేం ఏదో ఒక కొండ చరియ మీద ఉండేవాళ్ళం. మంచం మధ్యలో వదిలితే రాక్షసుడు లేస్తాడు. "ఆగరా, మలుపు దగ్గరున్నాం" అని ఆవిడ గుసగుస. ఆ మలుపు అన్నం వేళకి కూడా అయ్యేది కాదు. ఆయన కాసేపు వెనకాల నుంచుని, వంటింట్లోకి వెళ్ళేవారు. మైకులో లీలగా వినబడే, రాక్షసుణ్ణి లేపనంత మెల్లటి గిన్నెల చప్పుడు ఆయనదే.

"ఆషాఢం పెట్టింది అత్తనీ కోడల్నీ విడదీయడానికి," అన్నారాయన పదో రోజు ఫోన్లో. "మీరిద్దరూ పూటపూటా కలిసుంటున్నారు. నేను ఉప్మా కలుపుతున్నాను. నీ గొంతు విని ఆరు రోజులయింది, తెలుసా?"

నాకు తెలుసు. నేనూ లెక్కపెడుతున్నాను. ఎనిమిదో కొండ మీద ఉన్నాననే సంతోషం సగమే ఉంది. మిగతా సగం ఎక్కడుందో ఆ గొంతు వింటే తెలిసింది. కానీ అత్తయ్యగారికి చెప్పడమెలా? ఆవిడ ఎంత ఆనందంగా గుసగుసలాడుతున్నారో వింటే ఎవరికైనా నోరు రాదు.

ఆదివారం ఆయన జుట్టు కత్తిరించుకుని వస్తానని తల్లికి చెప్పి ఇంట్లోంచి బయల్దేరి, రైలెక్కేశారు.

రెండున్నరకి మా వీధి గుమ్మం ముందు నిలబడ్డారు. గడప అవతల. నేను గడప ఇవతల. లోపల అమ్మ "వచ్చాడా? నేను చూడలేదు, నాకేం తెలియదు" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

గడప తొక్కకూడదన్నారు కానీ గడప బయట కూర్చోకూడదని ఎవరూ అనలేదు. నాన్నగారిని అడిగాం. మెట్లు ఇంట్లోకి రావు, అన్నారు. బీరువాలో సగం ఉండే కంప్యూటర్ అయితే ఇక్కడితో కథ అయిపోయేది. నేను నా పది లీటర్ల కంప్యూటర్‌ని ఒక్క చేత్తో, మానిటర్‌ని ఇంకో చేత్తో పట్టుకొచ్చి వీధి మెట్ల మీద పెట్టాను. కిటికీలోంచి వైరు లాగాను. అదే కిటికీలోంచి అమ్మ, మొహం అటు తిప్పుకుని, చెయ్యి ఒక్కటే చాపి రెండు గ్లాసుల కాఫీ అందించింది.

మూడింటికి పాలకొల్లు నుంచి అత్తయ్యగారు ఆటలోకి వచ్చేశారు. "ఎత్తు ఉమా."

నా దగ్గర ఒకటే కంట్రోలర్. ఎడమవైపు ఆయన పట్టుకున్నారు, కుడివైపు నేను. నడవడం ఆయన పని, ఎత్తడం దించడం నా పని. ఎండకి తెర సరిగ్గా కనబడక ఆయన తన కండువా మా ఇద్దరి తలల మీదా కప్పారు. తొమ్మిదో కొండ దారి సన్నం. ఒకవైపు లోయ. రాక్షసుడి మీసం కదలకుండా ఉంది. ఆయన భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. నేను ఊపిరి పీల్చడం మానేశాను. ఆయన మానలేదు.

"ఇవాళ నీ నడక మారిందేం?" అని వినబడింది, ఇద్దరం చెరో చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లో. "కుంటినట్టు ఎడమకి లాగుతున్నావు."

"చెప్పు జారిందండీ అత్తయ్యగారూ."

ఇంకో పది అడుగులు.

"ఉమా, నీ పక్కన ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

"రాక్షసుడండీ."

"రాక్షసుడి తల నా వైపుంది. నాకు అతని ఊపిరి వినబడుతూనే ఉంది. ఇది రెండోది."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన వదిలేసరికి నడిచేవాళ్ళు లేక మంచం లోయ మీదికి ఒరిగింది. మీసంలో ఒక వెంట్రుక లేచింది.

"ఆ రెండోవాణ్ణి చెయ్యి తియ్యొద్దని చెప్పు," అన్నారు అత్తయ్యగారు ఎంతో నెమ్మదిగా. "ఈ మలుపు ఇద్దరూ కలిసి తిప్పండి. తర్వాత అయిదింటి రైలుకి రమ్మను. జుట్టు కత్తిరించుకోకుండా మాత్రం ఇంటికి రావద్దను. ఎదురింటావిడ అప్పుడే రెండుసార్లు అడిగింది, మీ అబ్బాయి సెలూన్‌కి వెళ్ళి ఇంకా రాలేదేమని."

ఆయన చెయ్యి తిరిగి వచ్చి నా చేతి పక్కన చేరింది. రెండో వెంట్రుక లేవబోయి పడుకుంది.

"తిప్పుతున్నాం అమ్మా," అన్నారాయన గుసగుసగా.

"నువ్వు మాట్లాడకు. నువ్వు సెలూన్‌లో ఉన్నావు."

తిప్పాం.